సుబ్బరాయుడి మొక్కు, సుబ్బారావు పేరు

(గోదావరి జిల్లాలో ఒక ఊరి గ్రంథాలయంలో, సుబ్బరాయుడి షష్ఠి రోజున చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

పెద్దలందరికీ నమస్కారం. బయట తీర్థంలో మైకు మోత గట్టిగానే ఉంది కాబట్టి నేనూ కాస్త గొంతు పెంచి మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. గుడి దగ్గర అంత సందడి పెట్టుకుని మీరు ఇక్కడికొచ్చి కూర్చున్నారంటే ఈ పేరు మీద అభిమానమైనా ఉండాలి, మీ పేరే సుబ్బారావు అయినా అయి ఉండాలి. ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి చూద్దాం. ఆ ముందు వరసలో ఇద్దరు, కిటికీ పక్కన ఒకరు, వెనకాల ఇంకో ఇద్దరు. అందరూ మనవలున్నవాళ్ళే. వెనక నిలబడ్డ కుర్రాళ్ళలో ఒక్క చెయ్యి కూడా లేవలేదు. (నవ్వులు)

పేరు పోతోందని వాపోవడానికి నేను రాలేదు. పేర్లు వస్తాయి, పోతాయి. సుబ్బారావు అంటే ఒక మొక్కు, ఆ సంగతి మాత్రం మనం మరిచిపోయాం. మన పెద్దలు ఈ పేరును వినసొంపుగా ఉందని పెట్టలేదు. దేవుడికి ఇచ్చిన మాట ఒకటి ఉంది, దాన్ని నిలబెట్టుకోవడానికి పెట్టారు. ఇవాళ అదే పేరు వింటే మనకు జోకుల్లో సుబ్బారావు గుర్తొస్తాడు, లేదా గుమాస్తా వేషం గుర్తొస్తుంది. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు అర్థం. సుబ్బ అనేది సుబ్రహ్మణ్య శబ్దానికి మన నోట్లో వచ్చిన రూపం. 'సు' అంటే మంచి. బ్రహ్మణ్యుడు అంటే వేదానికి, వేదం తెలిసినవాళ్ళకు హితుడు. శివుడి రెండో కొడుకు అనే అర్థం ఈ మాటలో ఎక్కడా లేదు. యజ్ఞాల గురించి తెలిసినవాళ్ళు ఇంకో సంగతి చెబుతారు. సోమయాగంలో సుబ్రహ్మణ్యుడు అని ఒక ఋత్విక్కు, అంటే యజ్ఞం జరిపించే పురోహితుడు, ఉంటాడు, సామవేదం వాడు. "సుబ్రహ్మణ్యోం" అని గట్టిగా పలుకుతూ ఇంద్రుణ్ణి యాగానికి రమ్మని పిలవడం ఆయన పని. ఆ మాట కుమారస్వామి పేరుగా బాగా స్థిరపడింది మన దక్షిణాదిలోనే. ఉత్తరాదికి వెళితే ఆయన కార్తికేయుడు, బెంగాల్లో కార్తిక్. అక్కడ సుబ్రహ్మణ్యం అంటే మద్రాసు వాడా అని అడుగుతారు.

దక్షిణాదిలో కూడా దేవుడు ఒక్కడే అయినా కొలిచే తీరు ఒక్కటి కాదు. తమిళులకు ఆయన మురుగన్. చేతిలో వేలాయుధం, నెమలి వాహనం, కొండ మీద కోవెల. మనకూ కన్నడం వాళ్ళకూ ఆయన పాము. నెమలికి పామంటే పడదు కదా, మరి నెమలి నెక్కే దేవుడు పాము ఎలా అయ్యాడని చిన్నప్పుడు నాకు పెద్ద సందేహం. కర్ణాటకలో కుక్కె సుబ్రహ్మణ్య క్షేత్రం కథ దీనికి ఒక జవాబు చెబుతుంది. గరుత్మంతుడికి భయపడిన వాసుకి సుబ్రహ్మణ్యస్వామిని శరణు వేడాడట, స్వామి అభయమిచ్చి తనతోనే ఉంచుకున్నాడట. సర్పదోషం ఉందన్నవాళ్ళు ఇప్పటికీ దేశం నలుమూలల నుంచీ అక్కడికే వెళ్ళి సర్ప సంస్కారం చేయించుకుంటారు. మనకు కృష్ణా జిల్లాలో మోపిదేవి ఉంది. అక్కడ శివలింగం పాము చుట్టల మీద నిలబడి ఉంటుంది. పానవట్టం దగ్గర కన్నం ఉంది, దాంట్లో పాలు పోస్తారు. ఒకే చోట శివుడు, కొడుకు, పుట్ట మూడూ ఉన్నాయి. ఎవరెవరు అని విడదీసి చూపించమంటే పూజారి గారు కూడా నవ్వి ఊరుకుంటారు.

ఇక నాగుల చవితి. కార్తీక శుద్ధ చవితి నాడు తెల్లారకుండానే తలంటు పోసుకుని, చలిమిడి, చిమ్మిలి, వడపప్పు, చెంబులో ఆవుపాలు పట్టుకుని పొలం గట్టున పుట్ట దగ్గరికి బయల్దేరతారు. పుట్ట చుట్టూ పసుపు కుంకుమ చల్లి, కలుగులో పాలు పోస్తూ ఆడవాళ్ళు పాముతో మాట్లాడతారు. ప్రార్థన అనడం కన్నా మాట్లాడటం అనే అనాలి. నడుం తొక్కితే నావాళ్ళనుకో, తోక తొక్కితే తొలగిపో అని బతిమాలుకుంటారు. ఊరికో రకంగా ఉంటాయి ఆ మాటలు, కానీ సారం మాత్రం ఒకటే. మా కాలు నీ మీద పడుతుంది, పడక తప్పదు, కోపం తెచ్చుకోకు. తర్వాత తడిసిన పుట్టమన్ను చిటికెడు తీసి పిల్లల చెవులకు రాస్తారు, చెవిపోటు రాదని.

ఆ మాటల వెనక ఉన్నది వరి పొలం. వరి ఉన్నచోట ఎలకలుంటాయి, ఎలకలున్నచోట పాములుంటాయి. చీకట్లో చేనుకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళేవాడు, కోతలకు వంగేవాడు రోజూ పాముతో కలిసి బతకాలి. నాగలి కిందో, కొడవలి కిందో ఒక పాము చస్తుంది. ఆ తర్వాత ఇంట్లో పిల్లలు కలగకపోతే, పుట్టినవాళ్ళు నిలవకపోతే, ఆ పాము గుర్తొస్తుంది. సర్పదోషం అంటారు. అప్పుడు రావి చెట్టు కింద నాగప్రతిష్ఠ చేయిస్తారు, షష్ఠికి ఉపవాసం ఉంటారు, బిక్కవోలుకో అత్తిలికో మోపిదేవికో వెళ్ళి, "స్వామీ, కడుపు పండితే నీ పేరే పెట్టుకుంటాం" అని మొక్కుకుంటారు. అలా పుట్టినవాడు సుబ్బారావు. ఆడపిల్ల అయితే సుబ్బలక్ష్మి, సుబ్బాయమ్మ. కోస్తాలో మన ఆడపిల్లల పేర్లకు ముందు 'నాగ' అని ఎందుకు ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? నాగలక్ష్మి, నాగమణి, నాగ వెంకట దుర్గ. చాలా ఇళ్ళల్లో అదీ ఇదే మొక్కు. శేషు, ఫణి, నాగయ్య కూడా ఈ పుట్ట దగ్గర చుట్టాలే.

మా వైపు ఒక మాట ఉండేది. కొత్తగా పరిచయమైన మనిషి పేరు సుబ్బారావు అని తెలిస్తే, పెద్దావిడ ఎవరైనా ఉంటే, "మీ అమ్మకు ఎన్నాళ్ళకు పుట్టావు నాయనా?" అని అడిగేది. పేరు వినగానే ఇంటి కష్టం అర్థమయ్యేది. కార్తికేయ అని పేరు చెప్పే ఇప్పటి పిల్లవాణ్ణి ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

సరే, సుబ్బ అయిపోయింది, 'రావు' సంగతేంటి? రాజు అనే మాటే రాయ, రాయుడు, రావు అయింది. గుళ్ళో స్వామి సుబ్బరాయుడు, ఇంట్లో పిల్లాడు సుబ్బారావు, తేడా అంతే. రాయలసీమ వెళితే సుబ్బయ్య, వెంకటసుబ్బయ్య, సుబ్బారెడ్డి, సుబ్బరాయుడు ఎక్కువ. గోదావరి జిల్లాల్లో రాజులు సుబ్బరాజు అంటారు. కన్నడంలో సుబ్బణ్ణ. తమిళంలో సుబ్బయ్య, సుబ్బు. మహాకవి సుబ్రమణ్య భారతిని చిన్నప్పుడు ఇంట్లో సుబ్బయ్య అనే పిలిచేవారు. ఈ తోకల్లో కులం ఉంది, ప్రాంతం ఉంది, ఇంకొంచెం హోదా కూడా ఉంది. పొలం దున్నిన తాత సుబ్బయ్య, కచేరీలో ఉద్యోగం వచ్చిన కొడుకు సుబ్బారావు, బ్యాంకులో మేనేజరైన మనవడు సుబ్రహ్మణ్యం, అమెరికాలో పుట్టిన మునిమనవడు స్కంద. ఇలాంటి ఇళ్ళు మీకూ తెలిసే ఉంటాయి. దేవుడు నాలుగు తరాల్లోనూ ఒక్కడే. సంస్కృతం పెరుగుతూ పోయింది, పుట్ట దూరమవుతూ పోయింది. నాకు ఆ నలుగురిలో సుబ్బయ్యే ఇష్టం, కారణం అడక్కండి.

పేరు పెట్టడం ఒక ఎత్తు, పిలవడం ఇంకో ఎత్తు. బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి తండ్రి బంగారు ఉంగరంతో పేరు రాస్తాడు. మాస నామం, నక్షత్ర నామం, వ్యవహార నామం అని మూడు రాయిస్తారు పురోహితులు. మొదటి రెండూ ఆ పూటకే. వ్యవహార నామం తాతగారి పేరే అయి ఉంటుంది చాలాసార్లు, పైన మొక్కు కూడా తీరినట్టు అవుతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. కోడలు మావగారి పేరు పలకకూడదు. కన్నకొడుకు పేరు సుబ్బారావు, పిలవడానికి వీల్లేదు! "ఒరేయ్ సుబ్బిగా" అని కొడుకుని కేకేస్తే అరుగు మీద పడక కుర్చీలో మావగారు ఉలిక్కిపడాలి. (నవ్వులు) అందుకని పిల్లవాడు చిట్టి అవుతాడు, బుజ్జి అవుతాడు, పెదబాబు అవుతాడు, అబ్బాయిగారు అవుతాడు. బళ్ళో వేసిన రోజున మేష్టారు హాజరు పిలుస్తుంటే తన పేరేమిటో తనకే తెలియక నోరు తెరుచుకుని కూర్చున్న సుబ్బారావులు ఈ జిల్లాలో ఎందరో ఉన్నారు. తాతగారు పోయాక కూడా ఆ అలవాటు పోదు. డెబ్భై ఏళ్ళ మనిషిని ఊరంతా చిట్టిబాబు గారు అనే అంటారు. పెన్షన్ కాగితం మీద తప్ప సుబ్బారావు ఎక్కడా కనపడడు.

ఇక ముందు తగిలించే వెంకట. ఇంటి ఇలవేల్పు తిరుపతి వెంకన్న అయితే ఆయన్ను వదిలి మొక్కు దేవుడి పేరొక్కటే పెడితే బాగుండదు కదా, అందుకని వెంకట సుబ్బారావు. అన్నవరంలో వ్రతం చేసుకుని ఉంటే వీర వెంకట సత్యనారాయణ సుబ్బారావు. రేషన్ కార్డు రాసే గుమాస్తాకు ఒక గడి చాలదు.

ఈ పేరున్న పెద్దల గురించి నాలుగు మాటలు చెప్పకపోతే మీరు నన్ను కదలనివ్వరు. తెలుగులో భావకవిత్వం రోజుల్ని చూడండి. రాయప్రోలు, నండూరి, నాయని, ముగ్గురూ సుబ్బారావులే. "సుబ్బి పెళ్ళి ఎంకి చావుకొచ్చింది" అని సామెత చెప్పే మనకు, ఎంకిని తెచ్చిచ్చింది మళ్ళీ ఒక సుబ్బారావు గారే, ఎంకి పాటలు రాసిన నండూరి. బళ్ళో పిల్లలు రోజూ చెయ్యి చాచి చెప్పే "భారతదేశం నా మాతృభూమి" ప్రతిజ్ఞ రాసింది నల్గొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. 1962లో, చైనా యుద్ధం రోజుల్లో, విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ రాశారు. రాసినాయన పేరు చెప్పమంటే ఆ చేతులు చాచేవాళ్ళలో ఎంతమంది చెబుతారు? రాజమండ్రి కోకా సుబ్బారావు గారు 1966లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ప్రాథమిక హక్కులను తగ్గించడానికి పార్లమెంటుకు కూడా వీల్లేదని గోలక్‌నాథ్ కేసులో తీర్పు చెప్పింది ఆయన నాయకత్వంలోని ధర్మాసనమే, 1967లో, ఆరుగురు ఒకవైపు అయిదుగురు ఒకవైపు. ఏలూరు దువ్వూరి సుబ్బారావు గారు 2008 సెప్టెంబరు 5న రిజర్వు బ్యాంకు గవర్నరు కుర్చీలో కూర్చున్నారు. పది రోజులు తిరిగేసరికి అమెరికాలో లేమాన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలిపోయింది. ఆ టెన్షన్ అంతా ఆయన నెత్తిన పడింది. 2013 దాకా అచ్చయిన నోట్ల మీద ఆయన సంతకం ఉంది. ఇంట్లో పాత పది రూపాయల నోటుంటే తీసి చూడండి, మన పేరు దేశమంతా ఎన్ని చేతులు మారిందో.

అందరికంటే నేను ఎక్కువసేపు చెప్పాలనుకున్నది మాత్రం మన భీమవరం మనిషి గురించి. యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో పుట్టారు. ఆయన సైన్సు గురించి నాకన్నా బాగా చెప్పేవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. ఫోలిక్ యాసిడ్, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయోటిక్ మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్, వీటన్నిటి వెనకా ఆయన బృందం ఉంది. కడుపుతో ఉన్న ప్రతి ఆడమనిషికీ ఇవాళ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే బిళ్ళలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. నేను మాట్లాడేది ఆయన పేరు గురించి.

ఆయన హార్వర్డులో ఉండగా సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో అచ్చయింది. దానికి ఫిస్కే-సుబ్బారో పద్ధతి అని పేరు. బయోకెమిస్ట్రీ చదివినవాళ్ళు ఇప్పటికీ ఆ పేరుతోనే నేర్చుకుంటారు. జాగ్రత్తగా వినండి. ఫిస్కే అనేది ఆయన సహచరుడి ఇంటిపేరు. దాని పక్కన మన ఇంటిపేరు యల్లాప్రగడ రావాలి కదా? రాలేదు. సుబ్బారో వచ్చింది. ఎందుకంటే మనం ఇంటిపేరు ముందు రాస్తాం, సొంత పేరు తర్వాత రాస్తాం. వాళ్ళకు చివర ఉన్నదే ఇంటిపేరు. అలా భీమవరంలో తల్లిదండ్రులు పెట్టుకున్న పేరు అమెరికాలో వంశం పేరు అయి కూర్చుంది. 'రావు'ను 'రో' అని ఎందుకు రాశారంటే ఆ కాలం ఇంగ్లీషు స్పెల్లింగు అది. ఆర్-ఓ-డబ్ల్యు అని రాసేవారు. ఆయన కన్నా ముందు తరం కాకినాడ మనిషి, దివ్యజ్ఞాన సమాజం తల్లాప్రగడ సుబ్బారావు గారు కూడా అలాగే రాసుకున్నారు.

ఇంకో ముచ్చట. ఆయన 1948లో పోయారు. తర్వాత అయిదేళ్ళకు శాస్త్రవేత్తలు ఒక కొత్త రకం శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టారు, సుబ్బరోమైసెస్ అని. బూజు మొక్కకు దేవుడి పేరా అని ఎవరికైనా అనిపించవచ్చు. నాకు మాత్రం చాలా సంతోషంగా ఉంటుంది. ఆరియోమైసిన్ మందు వచ్చింది మట్టిలో ఉండే సూక్ష్మజీవి నుంచే. పుట్టమన్ను చెవికి రాసుకునే జనంలో పుట్టినవాడు మట్టిలోంచి మందు తీయించాడు. కాకతాళీయమే, నాకు తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

మరి ఇంత ఘనంగా బతికిన పేరు జోకు ఎలా అయింది? మరీ ఎక్కువమందికి ఉండటమే ముఖ్య కారణం. ఒక తరంలో ప్రతి ఆఫీసులోనూ ఒక సుబ్బారావు, ఒక అప్పారావు ఉన్నారు. కార్టూను వేసేవాడికి మామూలు మనిషి కావాలంటే ఆ పేరే చేతికొచ్చింది. మామూలు మనిషి కాస్తా అమాయకుడయ్యాడు, తర్వాత వెర్రిబాగులవాడయ్యాడు. కాలేజీలో నవ్వులు పడ్డ తండ్రి తన కొడుక్కి ఆ పేరు పెట్టడు. ఇంకోటి, పిల్లలు పుట్టడం లేదంటే ఇప్పుడు ముందుగా వెళ్ళేది ఆసుపత్రికి. మోపిదేవికి వెళ్ళడం మానలేదు, అక్కడ జనం తగ్గనూ లేదు. మొక్కు తీర్చేటప్పుడు మాత్రం సుబ్బారావు అని కాకుండా షణ్ముఖ అని తీరుస్తున్నారు. స్వామికి అభ్యంతరం ఉంటుందనుకోను.

విచిత్రమేమిటంటే పిల్లలకు వద్దనుకున్న పేరు హోటలు బోర్డు మీద బాగా నడుస్తోంది. కాకినాడ సుబ్బయ్య గారి హోటల్ పేరు చెబితే హైదరాబాదులో కుర్రాళ్ళు వరసలో నిలబడతారు. అదే హోటల్ షణ్ముఖ గారి హోటల్ అయి ఉంటే బుట్ట భోజనానికి ఆ రుచి వచ్చేదా? సుబ్బయ్య గారు అంటే కొసరి వడ్డిస్తారని నమ్మకం.

ఇప్పుడు ఎవరైనా అడగాలంటే అడగండి. చెప్పండి బాబూ... నేపాల్ వైపు, డార్జిలింగు వైపు 'సుబ్బా' అని ఇంటిపేరు ఉంటుంది, మనకేమైనా సంబంధమా అని అడుగుతున్నారు. లేదండీ. అది అక్కడి లింబూ తెగ పెద్దలకు వచ్చిన బిరుదు, అధికారపు పేరు. సుబ్రహ్మణ్యుడితో పని లేదు. వినికిడి ఒకటే, అంతే.

ఆ... అమ్మా, మీరు చెప్పండి. మనవడు పుట్టాడు, తాతగారి పేరు వెంకట సుబ్బారావు పెట్టాలని మీకుంది, కోడలు ఒప్పుకోవడం లేదు, పైగా రేపు పాస్‌పోర్టులో ఇబ్బంది అంటోంది. అంతేనా? ఆవిడ చెప్పిందాంట్లో న్యాయం ఉందమ్మా. వెంకట సుబ్బారావు అని విడదీసి రాస్తే అమెరికాలో అందరూ వెంకటా అని పిలుస్తారు, తాతగారు వినపడరు. ఆ ఊళ్ళో ఆ ఆఫీసులో ఇంకో పదిమంది వెంకటలు ఉంటారు. జనన ధ్రువపత్రంలో పేరు రాయించడానికి ఏడాది దాకా రుసుము లేదు, ఆలస్య రుసుముతో పదిహేనేళ్ళ దాకా వీలుంది, కాబట్టి తొందరపడి పోట్లాడుకోకండి. మా చుట్టాల్లో ఒకరు స్కంద సుబ్బారావు అని పెట్టారు. ఇంటిపేరు అక్షరంతో సరిపెట్టకుండా పూర్తిగా, విడిగా రాయించండి. స్పెల్లింగు బడిలో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో ఒక్కలాగే ఉండేట్టు చూసుకోండి. ఇక పిలవడం అంటారా, మీ కోడలు ఎలాగూ బుజ్జీ అనే పిలుస్తుంది. (నవ్వులు) రథం బయల్దేరినట్టుంది, పదండి.